శామ్ అండ్ మ్యాక్స్ మొదటి సీజన్: బోస్కో కొట్టు దగ్గర ఆగిపోయిన తమ్ముడికి

దేవరకొండలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. సేల్‌లో ‘శామ్ అండ్ మ్యాక్స్ సేవ్ ద వరల్డ్’ కొన్నాడు. ఆరు ఎపిసోడ్ల గేమ్. మొదటి ఎపిసోడ్ ‘కల్చర్ షాక్’లోనే బోస్కో కొట్టు దగ్గర ఆగిపోయాడు. అక్కడ అమ్మే టియర్ గ్యాస్ లాంచర్ ఖరీదు 10,000 డాలర్లు, శామ్ జేబులో చిల్లిగవ్వ లేదు. “అన్నా, వాక్‌త్రూ (జవాబులన్నీ వరసగా చెప్పేసే గైడు) చూసేయనా? ఎపిసోడ్లు వరసగానే ఆడాలా? జోకులు సగం అర్థం కావట్లేదు. నా పాత ల్యాప్‌టాప్ కూడా కాలిపోతోంది. ఇంత కష్టపడి ఆడాల్సిన గేమేనా ఇది, వదిలేయమంటావా?” అని అడిగాడు.

వదిలేయకు తమ్మీ. మౌస్‌తో వస్తువుల మీద నొక్కుతూ పజిల్స్ విప్పే పాయింట్ అండ్ క్లిక్ గేమ్స్‌లో ఇంత మంచి సీజన్ మళ్లీ మళ్లీ దొరకదు. నేను నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతాను. నెట్ సెంటర్ల రోజుల నుంచి ఈ రకం గేమ్స్ ఆడుతున్నాను, షాపుకు వచ్చే పిల్లలతోనూ ఆడించాను. నువ్వు ఆగిన చోటే చాలామంది ఆగుతారు. అక్కడ ఎందుకు ఆగావో అర్థమైతే మిగతా ఐదు ఎపిసోడ్లకు కూడా తాళం చెవి దొరికినట్టే. అందుకే ముందు ఆ సంగతే చూద్దాం.

జవాబు ఒకేసారి చెప్పను. మెట్టు మెట్టుగా చెప్తాను. ప్రతి మెట్టు దగ్గర చదవడం ఆపి, గేమ్‌లోకి వెళ్లి ప్రయత్నించు.

మొదటి మెట్టు. శామ్, మ్యాక్స్ ఎవరు? సూటు వేసుకుని టోపీ పెట్టుకున్న కుక్క ఒకరు, కుందేలు లాంటి చిచ్చరపిడుగు ఇంకొకరు. సరే, వాళ్లు చేసే ఉద్యోగం ఏంటి? ఫ్రీలాన్స్ పోలీసులు. జీతం ఇచ్చే స్టేషన్ లేదు, పైన కమిషనర్ ఉన్నా ఫోన్‌లో మాట్లాడటమే తప్ప మనకు కనిపించడు. అలాంటి పోలీసుల చేతికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

రెండో మెట్టు. ఆఫీసు ముందు పాత డిసోటో కారు ఆగి ఉంది కదా. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికే దాన్ని వాడుతున్నావా? ఎక్కడికీ వెళ్లే పని లేకుండా ఊరికే నడిపి చూశావా?

మూడో మెట్టు. రోడ్డెక్కావు, నీ ముందు ఇంకో కారు పోతోంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద మన బండి ఆపారనుకో, ఏం చూస్తారు? లైసెన్స్, ఇన్సూరెన్స్, హెల్మెట్, లైట్లు. ఏదో ఒకటి లేకపోతేనే చలానా. ఆ ముందు కారుకు అన్నీ సరిగానే ఉన్నాయి. మరి చలానా ఎలా రాయాలి?

ఇంకా తట్టకపోతే ఇదిగో. శామ్ దగ్గర ఉన్న తుపాకీతో ముందు కారు వెనక లైటు పగలగొట్టు. తర్వాత కారు ఆపించు. వెనక లైటు పగిలి ఉన్నందుకు జరిమానా వెయ్యి. బోస్కో అడిగిన డబ్బు నీ చేతికొస్తుంది.

నువ్వు ఇక్కడ ఎందుకు ఆగావు? డబ్బు కావాలి అనగానే మామూలు గేమ్స్‌లో లాగా ఏదో వస్తువు అమ్మాలనో, ఎక్కడో దాచిన డబ్బు వెతకాలనో అనుకున్నావు. బుద్ధిమంతుడు చేసే పనులు వరసగా ప్రయత్నించావు. ఈ గేమ్‌లో పజిల్‌కు జవాబూ, జోకు చివర పేలే మాటా ఒక్కటే. ఈ ఇద్దరూ సిగ్గు లేకుండా, లోకం ఏమనుకుంటుందో పట్టించుకోకుండా ఏం చేస్తే నవ్వొస్తుందో అదే చాలాసార్లు సరైన జవాబు. ఇంకొక్కటి గుర్తు చేస్తాను, ఇది నువ్వు దాటేసే వచ్చావు. గేమ్ మొదట్లో జిమ్మీ టూ టీత్ అనే ఎలుక ఆఫీసు ఫోను ఎత్తుకెళ్లి, స్విస్ చీజ్ ఇస్తేనే ఇస్తానంటుంది. నీ దగ్గర ఉన్నది రంధ్రాలు లేని మామూలు చీజ్. తుపాకీతో కాల్చి రంధ్రాలు పెట్టావు కదా. ఆ చిన్న పజిల్‌ను అక్కడ ఊరికే పెట్టలేదు. ఇక్కడ తుపాకీ మనుషుల్ని చంపడానికి కాదు, వస్తువుల స్వభావం మార్చడానికి ఉంది అని మొదటి ఐదు నిమిషాల్లోనే నేర్పారు. ఆ పాఠాన్నే కారు దగ్గర మళ్లీ అడిగారు. ఇలా కట్టిన పజిల్స్ అంటే నాకు ప్రాణం. కొత్తగా ఏదీ చెప్పకుండా, నీకు ముందే తెలిసిన దాన్ని కొత్త చోట వాడమంటుంది.

కాబట్టి ఎక్కడ ఆగినా సంచిలో వస్తువులన్నీ ప్రతి దాని మీద రుద్దడం మొదలుపెట్టకు. ముందు మాటలు విను. ప్రతి పాత్రతో ఉన్న ప్రశ్నలన్నీ అడిగెయ్, తెర మీద కనిపించే ప్రతి వస్తువు మీదా ఒకసారి క్లిక్ చెయ్. ఆ వస్తువు పనికిరాకపోయినా శామ్ ఏదో ఒకటి అంటాడు, మ్యాక్స్ దానికి ఇంకోటి తగిలిస్తాడు. బుర్రకథలో హాస్యం వంత అడ్డు ప్రశ్న వేస్తేనే కథకుడు అసలు సంగతి విప్పుతాడు చూడు, ఇక్కడ మ్యాక్స్ పని అదే. వాడు వాగుతున్నట్టే ఉంటాడు, కానీ ఆ వాగుడులో ఎవరికి దేనంటే భయమో, ఎవరికి దేని మీద పిచ్చో తెలిసిపోతుంది. బోస్కోకు ప్రతి మనిషి మీదా అనుమానం. సోడా పాపర్స్ ముగ్గురికీ ఒకప్పుడు టీవీలో వెలిగిన బాలనటులమన్న గుర్తింపు కావాలి. ఇలా మనిషి బలహీనత పట్టుకుంటే పజిల్ సగం విప్పినట్టే.

ఇందులో చచ్చిపోవడం లేదు. తప్పు చేసి ముందుకు పోలేని గోతిలో పడటం కూడా లేదు. పాత కాలపు అడ్వెంచర్ గేమ్స్ కొన్నింట్లో మొదట్లో ఒక వస్తువు తీసుకోవడం మర్చిపోతే చివర్లో మళ్లీ మొదటికి రావాల్సి వచ్చేది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు కాబట్టి ఎంత పిచ్చి ఆలోచన వచ్చినా చేసి చూడు. పని కాకపోయినా దానికి కూడా ఒక డైలాగ్ రాసి పెట్టి ఉంటారు, తప్పు జవాబులకే కొన్నిసార్లు ఎక్కువ నవ్వొస్తుంది.

ఇక వరస సంగతి. తప్పకుండా వరసగానే ఆడు. ‘కల్చర్ షాక్’, ‘సిచుయేషన్: కామెడీ’, ‘ద మోల్, ద మాబ్ అండ్ ద మీట్‌బాల్’, ‘ఏబ్ లింకన్ మస్ట్ డై!’, ‘రియాలిటీ 2.0’, ‘బ్రైట్ సైడ్ ఆఫ్ ద మూన్’. ఒక్కోటి రెండు మూడు గంటలు. దేనికదే పూర్తి కథలా ఉంటుంది, కానీ అన్నింటి వెనకా జనాన్ని మత్తులో పడేసే హిప్నాటిజం ఒకటి నడుస్తుంటుంది. ఎవరు చేయిస్తున్నారన్నది చివర్లో తేలుతుంది. నాలుగో ఎపిసోడ్‌లో జరిగిన దాన్ని ఐదు, ఆరు ఎపిసోడ్లు గుర్తుపెట్టుకుంటాయి. మధ్యలో దూరితే ఆ సరదా పోతుంది.

అన్నీ ఒకే శని ఆదివారాల్లో ఊదేయకు అన్నది నా గట్టి సలహా. వారానికి ఒకటి ఆడు. ఇవి విడుదలైనప్పుడు ఇంచుమించు నెలకొకటి చొప్పున వచ్చాయి. మొదటిది 2006 అక్టోబర్‌లో అమెరికాలో గేమ్‌ట్యాప్ అనే చందా సర్వీసులో వచ్చింది, రెండు వారాల తర్వాత ఈ గేమ్ తీసిన టెల్‌టేల్ గేమ్స్ సొంత సైట్‌లో పెట్టారు. ఆరోది 2007 ఏప్రిల్‌లో వచ్చింది. మధ్యలో ఉన్న ఆ ఎడానికి తగ్గట్టే రాశారు. ఒకే వీధి, అదే ఆఫీసు, అదే కొట్టు ఆరుసార్లు కనిపిస్తాయి. వెంటవెంటనే ఆడితే ఇదేంటి మళ్లీ ఇదే వీధా అని విసుగొస్తుంది. వారం ఆగి వస్తే సొంత బజారుకు తిరిగొచ్చినట్టు ఉంటుంది.

ఆ వీధి మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందో తెలిస్తే ఆడటం కూడా తేలికవుతుంది, అందుకని కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ రెండు పాత్రలూ స్టీవ్ పర్సెల్ గీసిన కామిక్స్‌లోవి. ఆ కామిక్ మొదట 1987లో వచ్చింది. లూకస్‌ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ వాళ్లు 1993లో ‘శామ్ అండ్ మ్యాక్స్ హిట్ ద రోడ్’ అనే గేమ్ తీశారు. దానికి తరువాయి భాగం తయారవుతుండగా 2004లో ఆపేశారు. అదే ఏడాది లూకస్‌ఆర్ట్స్ నుంచి బయటికొచ్చిన కొందరు టెల్‌టేల్ పెట్టారు. చిన్న కంపెనీ, చేతిలో పెద్ద డబ్బు లేదు. నెలకో ఎపిసోడ్ ఇస్తామని మాటిచ్చారు. ప్రతి నెలా కొత్త ఊరు కట్టడం అయ్యే పని కాదు. అందుకని ఒక వీధి బాగా కట్టి, దానికి ప్రతిసారీ ఒకటో రెండో కొత్త చోట్లు కలిపారు. ఆ వీధిలో వస్తువులూ మనుషులూ మాత్రం ప్రతి నెలా మార్చారు. ఎపిసోడ్ల వారీగా గేమ్ అమ్ముతామని చాలామంది చెప్పి, చెప్పిన టైముకు ఇవ్వలేకపోయిన రోజులవి. వీళ్లు ఒక సీజన్ మొత్తం మాట తప్పకుండా పూర్తి చేశారు. అందుకే ఈ గేమ్ అంటే నాకు అంత గౌరవం.

దీని నుంచి నీకు పనికొచ్చేది ఏంటంటే: పాత వీధిలో మారిందేదో అదే ఆ ఎపిసోడ్‌కు సంబంధించిన సూచన. కొత్త ఎపిసోడ్ మొదలవగానే కథ చెప్పిన చోటికి పరిగెత్తకు. ముందు ఆఫీసు, తర్వాత బోస్కో కొట్టు, తర్వాత అదే వీధిలో ఉండే సిబిల్ అనే ఆవిడ గది తిరిగి రా. గోడ మీద కొత్త బొమ్మ, బల్ల మీద కొత్త వస్తువు, కొట్టులో కొత్త సరుకు ఏదుందో చూసుకో. అది ఎక్కడో ఒక చోట అక్కరకొస్తుంది.

మా అక్క కొడుకు ఎండాకాలం సెలవులకు సూర్యాపేట నుంచి వచ్చినప్పుడు, మధ్యాహ్నం షాపులో జనం లేని వేళ వాడితో రెండో ఎపిసోడ్ మొదలుపెట్టించాను. సంగతి ఏంటంటే, మైరా స్టంప్ అనే టీవీ టాక్ షో యాంకర్ ప్రేక్షకుల్ని బందీలుగా పెట్టుకుని షో ఆపకుండా నడుపుతోంది. వీళ్లు లోపలికి వెళ్లాలంటే సెలబ్రిటీలు అయి ఉండాలి. అందుకు మూడు కావాలి: ఒక హిట్ టీవీ షోలో ఉండాలి, పాటల రికార్డింగ్ ఒప్పందం ఉండాలి, పేపర్లో ఒక రచ్చ అచ్చవ్వాలి. వాడు టీవీ స్టూడియోలోకి దూరిపోయి అక్కడే తిరుగుతున్నాడు. కాసేపు బయటికి రారా, వీధి చూసి రా అన్నాను. విసుక్కుంటూనే సిబిల్ గదిలోకి వెళ్లాడు. లోపల అడుగుపెట్టి మౌస్ వదిలేసి నా వైపు తిరిగాడు. “మామా, ఈమె మొన్న మనసు డాక్టర్ కదా, ఇప్పుడు పేపర్ నడుపుతోందేంటి?” నేనేం మాట్లాడలేదు. ఒక్క క్షణం ఆగి, “ఓ... రచ్చ ఈమే అచ్చేస్తుంది” అని మళ్లీ మౌస్ పట్టుకున్నాడు. ఆ తర్వాత వాడికి నా అవసరం రాలేదు. ప్రతి ఎపిసోడ్ మొదట్లో నాకంటే ముందే “సిబిల్ ఈసారి ఏం పని పెట్టుకుందో చూద్దాం” అనేవాడు.

సిబిల్ పండెమిక్ నిజంగానే ప్రతి ఎపిసోడ్‌కూ కొత్త వృత్తి పట్టుకుంటుంది. మనసు వైద్యం, తర్వాత గాలి వార్తల పేపర్, తర్వాత కోర్టులో డబ్బు తీసుకుని చెప్పే సాక్ష్యం, తర్వాత జోడీలు కుదిర్చే సర్వీసు, తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. బోస్కో అయితే తనను ఎవరో వెంటాడుతున్నారన్న భయంతో వేషం మారుస్తుంటాడు. ఒకసారి ఇంగ్లీషు దొర, ఇంకోసారి రష్యావాడు. వాడి కొట్టులో అమ్మే ఆ ఒక్క ప్రత్యేక సరుకు ధర ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ పెరుగుతూ పోతుంది. ఆ డబ్బు ఎలా తేవాలన్నదే ప్రతిసారీ ఒక పెద్ద పజిల్. ఈసారి నువ్వు చలానా రాసి తెచ్చావు. వచ్చేసారి అదే దారి పని చేయదు, కానీ ఆలోచించే పద్ధతి మాత్రం అదే.

రెండో ఎపిసోడ్ గురించి ఇంకో మాట. స్టూడియోలో సీరియల్, వంటల ప్రోగ్రాం, క్విజ్, పాటల పోటీ అన్నీ పక్కపక్కనే నడుస్తుంటాయి. ఒక సెట్‌లో దొరికింది ఇంకో సెట్‌లో కావాల్సి రావచ్చు కాబట్టి ఒక్కటే పట్టుకుని కూర్చోకు. సీరియల్ సీన్‌లో ఒక ఆవును ఇంటి ఓనర్ కంట పడకుండా దాచాలి. అది తొందరపడకుండా ఆడు. నువ్వు ఎంచుకున్న డైలాగును బట్టి సీన్ ఎటు పోతుందో చూడటానికి నేను ఇప్పటికీ ఆ ఒక్క చోటి సేవ్ తెరుస్తుంటాను. మన టీవీలో పాటల పోటీలు, జడ్జీల మాటలు చూసి పెరిగినవాళ్లకు ఇందులో పాటల పోటీ ఎక్కడా కొత్తగా అనిపించదు.

మూడోది బొమ్మల మాఫియా, కాసినో కథ. ఆరింటిలో నాకు కాస్త తక్కువగా నచ్చింది ఇదే. పేకాట బల్ల దగ్గర కూర్చున్నవాడిని పేకాటతో గెలవాలని చూడకు, అంతే చెప్తాను.

నాలుగోది అందరికీ నచ్చుతుంది. అమెరికా అధ్యక్షుడు తిక్కగా ప్రవర్తిస్తుంటాడు, లింకన్ రాతి విగ్రహం లేచి నడుస్తుంది, ఎన్నికలొస్తాయి, మ్యాక్స్ నిలబడతాడు. వైట్ హౌస్ గుమ్మం దగ్గర ఏజెంట్ సూపర్‌బాల్ అనే కాపలా మనిషి రాయిలా నిలబడి ఉంటాడు. ఈ ఎపిసోడ్‌ను 2007లో టెల్‌టేల్ అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. నేను ఈ సీజన్‌లోకి వచ్చింది ఆ గుమ్మం నుంచే. అప్పట్లో నల్లగొండలో విదేశీ సైట్‌లో పనిచేసే కార్డు ఉన్నవాళ్లు అరుదు. నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ పెట్టుకుని, పెన్ డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుని ఆడాను. నీ తరానికి ఫోన్‌లో యూపీఐ నొక్కితే గేమ్ వచ్చేస్తోంది, సంతోషం.

ఐదోది ‘రియాలిటీ 2.0’. కంప్యూటర్ షాపువాడిగా నాకు అన్నింటికంటే దగ్గరైంది ఇదే. కళ్లజోడు పెట్టుకోగానే అదే వీధి కంప్యూటర్ ఆటలా మారిపోతుంది, పెట్టెలూ నాణేలూ పాయింట్లతో. కళ్లజోడు తీస్తే మామూలు వీధి. లోపల ఒకటి మార్చి బయట ఏం మారిందో, బయట ఒకటి చేసి లోపల ఏం మారిందో చూసుకుంటూ ఆడాలి. ఈ ఎపిసోడ్‌లోనే కాలం చెల్లిన మెషీన్ల సంఘం ఒకటి వస్తుంది. పాత కంప్యూటర్, వీడియో గేమ్ క్యాబినెట్, ఫోన్ మెషీన్, తెర మీద తెల్ల చుక్కను బంతిలా అటూ ఇటూ కొట్టే తొలినాటి ఆట మెషీన్, నలుగురూ ఒక చోట చేరి తమను ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడుతుంటారు. మా షాపు వెనక గదిలో గుండ్రటి అద్దం మానిటర్లు, ఫ్లాపీ డ్రైవ్‌లు ఇంకా ఉన్నాయి, పారేయబుద్ధి కాక ఉంచాను. ఆ నలుగురి మాటలు వింటే నవ్వుతోపాటు జాలి కూడా వేస్తుంది. చివర్లో బొమ్మలన్నీ మాయమై అక్షరాలతోనే ఆట నడిచే చోటు ఒకటుంది. అడ్వెంచర్ గేమ్స్ ఎక్కడ పుట్టాయో ఆ తల్లివేరుకు పెట్టిన దండం అది. కంగారుపడకు, గేమ్ చెడిపోలేదు.

ఆరోదాని గురించి ఏం చెప్పినా నీ సరదా పాడవుతుంది. ఆడు.

వాక్‌త్రూ చూడాలా అన్నావు. నా మాట ఏంటంటే, ఈ గేమ్‌లో పజిల్ చదివేస్తే జోకు చివరి మాట ముందే విన్నట్టు. రెండోసారి ఎవరు చెప్పినా నవ్వు రాదు. ఆగిపోతే ముందు మ్యాక్స్‌తో మాట్లాడు. ఇప్పుడు ఏం చేయాలన్నట్టు అడిగితే వాడు ఎటు చూడాలో సూచన ఇస్తాడు, అది గేమ్‌లోనే పెట్టిన సాయం. అదీ చాలకపోతే మూసేసి పడుకో. తెల్లారి బస్సులోనో, టీ తాగుతున్నప్పుడో జవాబు దానంతటదే తడుతుంది, ఈ రకం గేమ్స్‌కు అది మామూలే. అప్పటికీ కాకపోతే, ఒక్కో సూచనను విడివిడిగా నొక్కి చూసుకునేలా పెట్టిన హింట్ సైట్లు వాడు. నేను పైన చేసినట్టు అవి మెట్లుగా చెప్తాయి. యూట్యూబ్ వీడియో మాత్రం వద్దు. నీకు కావాల్సిన పది సెకన్లు వెతికేలోపు తర్వాతి మూడు పజిళ్లు కూడా కళ్లబడతాయి.

ఇంగ్లీషు జోకుల సంగతి. సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకో. మాట పూర్తికాకముందే క్లిక్ చేస్తే అది ఎగిరిపోతుంది, చెయ్యి ఆపుకో. శామ్ పొడుగాటి వాక్యాలు మాట్లాడతాడు, అది వాడి తీరు. రెండుసార్లు వింటే చెవికి పడుతుంది. అమెరికా టీవీ మీదా, రాజకీయాల మీదా వేసినవి కొన్ని మనకు తెలియవు. వాటిని వదిలేస్తే ఏం నష్టం లేదు. పజిల్‌కు అవసరమైన సంగతిని చాలావరకు వేరే మాటల్లో మళ్లీ చెప్పిస్తారు. వీలైతే ఒక దోస్తును పక్కన కూర్చోబెట్టుకుని ఆడు. ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది, నవ్వు కూడా ఎక్కువ వస్తుంది. జాజ్ సంగీతం ఇచ్చింది జేర్డ్ ఎమర్సన్ జాన్సన్. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను, ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఆ బాస్ వినపడదు.

ఇప్పుడు నీ ల్యాప్‌టాప్. నువ్వు కొన్నది 2020 డిసెంబర్‌లో వచ్చిన మెరుగులు దిద్దిన వెర్షన్. టెల్‌టేల్ 2018లో మూతపడ్డాక, అక్కడ పనిచేసినవాళ్లే కొందరు స్కంకేప్ గేమ్స్ పేరుతో హక్కులు తెచ్చుకుని మళ్లీ చేశారు. వెడల్పు తెరకు సరిపడేలా మార్చి, వెలుగునీడలు, పెదవుల కదలికలు బాగుచేశారు, కొత్త సంగీతం కలిపారు. బోస్కోకు వేరే గొంతు పెట్టి, కొన్ని డైలాగులు మార్చారు. కొత్తగా ఆడేవాడికి ఇదే మంచిది. పాతదానికంటే మెషీన్ మీద బరువు ఎక్కువ, అందుకే నీ ఫ్యాను అరుస్తోంది.

ముందుగా రిజల్యూషన్ 1280 బై 720కి తగ్గించు. తెర చూపగలిగినన్ని ఫ్రేములే గీయించే వి-సింక్ ఆన్ చెయ్. అది లేకపోతే నిలబడి మాట్లాడుకునే సీన్‌కు కూడా మెషీన్ అవసరం లేనన్ని ఫ్రేములు గీస్తూ వేడెక్కుతుంది. కొట్టాటలు లేని గేమ్ ఇది, సెకనుకు 30 ఫ్రేములు వచ్చినా హాయిగా ఆడొచ్చు. నీడల నాణ్యత తగ్గించే ఆప్షన్ కనిపిస్తే తగ్గించెయ్. మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుని ఆడకు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మే నెలలో మన దగ్గర గది వేడికే సగం మెషీన్లు షాపుకొస్తాయి. కొన్నప్పటి నుంచి ఒక్కసారీ విప్పకపోతే ఫ్యాను దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్పించు. పెద్ద ఖర్చు కాదు, ఈ గేమ్ ఒక్కదానికే కాదు, మొత్తం ల్యాప్‌టాప్ ఆయుష్షు పెరుగుతుంది. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోగానే ఆగిపోతుంది కాబట్టి, ఒక పజిల్ విప్పగానే సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకో. వేర్వేరు చోట్ల వేర్వేరు సేవ్‌లు ఉంచుకో, ఒకదాని మీదే రాయకు.

ఇవన్నీ చేసినా నడవకపోతే, గేమ్స్ అమ్మే స్టీమ్‌లో కొన్నదైతే, కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండూ చూసుకుని నిర్ణయించుకో.

2006 నాటి అసలు వెర్షన్ ఎవరి దగ్గరైనా ఉంటే, పాత మెషీన్‌లో అది తేలిగ్గా నడుస్తుంది. కొత్త విండోస్‌లో తెరిచినప్పుడు డి3డిఎక్స్9తో మొదలయ్యే ఫైలు లేదని ఎర్రర్ రావచ్చు. ఆ ఒక్క ఫైలును ఊరూపేరూ లేని సైట్ల నుంచి తెచ్చి పడేయొద్దు, షాపుకొచ్చే వైరస్ కేసుల్లో ఇదో పెద్ద రకం. మైక్రోసాఫ్ట్ ఇచ్చే డైరెక్ట్ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్, జూన్ 2010ది, వేసుకుంటే ఆ ఫైళ్లన్నీ ఒకేసారి వస్తాయి. అప్పటికీ తెరుచుకోకపోతే గేమ్ ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి విండోస్ ఎక్స్‌పీ ఎంచుకుని చూడు.

ఈ సీజన్ నచ్చితే రెండోది ‘బియాండ్ టైమ్ అండ్ స్పేస్’, ఐదు ఎపిసోడ్లు, మొదట 2007–08లో వచ్చింది, మెరుగుల వెర్షన్ 2021లో వచ్చింది. పజిల్స్ దీనికంటే గట్టివి. మూడోది ‘ద డెవిల్స్ ప్లేహౌస్’ 2010ది, దాన్ని 2024లో మళ్లీ తెచ్చారు. 1993 నాటి పాత గేమ్‌ను కూడా స్కమ్‌విఎమ్ అనే ఉచిత ప్రోగ్రాంతో నేటి మెషీన్లలో ఆడొచ్చు. కానీ దాని దగ్గరికి చివర్లో వెళ్లు, దాని పజిల్స్‌కు ఇంతటి దయ లేదు.

లాంచర్ కొన్నాక ఈ ఎపిసోడ్‌లో నిన్ను ఆపే ఇంకో చోటు సిబిల్ సోఫా. ఒకప్పటి బాలనటులకు వచ్చే జబ్బు శామ్‌కు కూడా ఉందని ఆమె చేత అనిపించుకోవాలి. కూర్చునే ముందు ఒక సేవ్ పెట్టుకో. శామ్‌గా జవాబు చెప్పకు, ఆ జబ్బు ఉన్నవాడు ఏమంటాడో ఆలోచించి చెప్పు. అక్కడ ఆగిపోతే ఆమె ఏం అడిగింది, నువ్వు ఏం ఎంచుకున్నావు అన్నది వరసగా రాసి పెట్టు. చూసి ఇంకో మెట్టు చెప్తాను.